నేచర్ ఫొటోలకి ప్లగిన్లు వాడండి, కానీ వాడినట్టు కనపడకుండా వాడండి

తెల్లవారుజామున మంచులో తీసిన అడవి ఫొటో ఒకటి ప్లగిన్‌లో (ఫొటోషాప్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్‌లో) ఓపెన్ చేసి ఏదో ఒక ప్రీసెట్ (ముందే సిద్ధంగా పెట్టిన సెట్టింగ్) నొక్కారనుకోండి, ఒక్క సెకన్లో ఆకులు మెరిసిపోతాయి, మబ్బులు ఇప్పుడో ఇంకాసేపట్లోనో వాన కురిసేలా నల్లబడతాయి, చెట్ల బెరడు గీతగీతా లేచి కనపడుతుంది, చూడగానే అబ్బ ఎంత బాగుందో అనిపిస్తుంది. మంచు మాత్రం పోయింది. అసలు మీరు అంత పొద్దున్నే లేచి కెమెరా పట్టుకుని వెళ్ళిందే ఆ మంచు కోసం కదా. నేచర్ ఫొటోల్లో ప్లగిన్లతో వచ్చే ఇబ్బంది దాదాపు అంతా ఇక్కడే ఉంది, అవి ఫ్రేమ్ మొత్తం మీద ఒకేలా పనిచేస్తాయి, వెలుగేమో ఎక్కడా ఒకేలా పడదు. అందుకే కింద చెప్పే స్టెప్పులన్నిట్లో నేను చూసుకోమనేది ఒకటే, ఆ రోజు అక్కడ వెలుగు ఎటు నుంచి వచ్చింది, దేని మీద పడింది, ఎంత దూరం పోయేసరికి పలచబడింది, ప్లగిన్ దాని వెనకాలే నడవాలి.

ఏ కంపెనీ ప్లగిన్ అనేది పెద్ద విషయం కాదు. చాలామంది దగ్గర ఉండేది నిక్ కలెక్షన్, గూగుల్ 2012లో దాన్ని తయారుచేసిన నిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీని కొని, 2016లో మొత్తం ఫ్రీగా ఇచ్చేసింది, 2017లో డీఎక్స్ఓ అనే కంపెనీ దాన్ని తీసుకుని మళ్ళీ డబ్బులకి అమ్ముతోంది, అప్పుడు దించుకున్న ఫ్రీ వెర్షన్ ఇప్పటికీ వాడేవాళ్ళు ఉన్నారు. టోపాజ్ వాళ్ళవి నాయిస్‌కీ (ఫొటోలో గింజగింజగా కనపడే మచ్చలు) షార్ప్‌నెస్‌కీ, లూమినార్‌ది ఆకాశానికీ వెలుగుకీ వాడుతుంటారు. నేను ఎక్కువగా నిక్, ఫొటోషాప్ మాటల్లో చెప్తాను గానీ మీ దగ్గర ఏది ఉన్నా పద్ధతి మారదు.

1. ప్లగిన్ తెరవకముందే ఫొటోలో ఏం తక్కువైందో ఒక లైన్ రాసుకోండి

నిజంగానే రాయండి, కాగితం మీదైనా ఫోన్‌లోనైనా. "కొంచెం పంచ్ కావాలి" అని రాస్తే అది లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆ మాటకి ఏ స్లైడర్ తిప్పినా సరిపోద్ది. "ముందున్న రాయి మీద వెలుగు తక్కువ, చూపు అటు పోవట్లేదు", "పక్షి ఛాతీ తెలుపు, వెనక ఆకాశం తెలుపు రెండూ కలిసిపోయాయి", "వెనక ఉన్న పచ్చదనం పక్షి కంటే ముందు కనపడుతోంది" ఇలా రాయాలి. ఇలా రాస్తే ఎక్కడ, ఏది, ఎంత అనేది సగం తేలిపోతుంది. ఒక్కోసారి ఏమీ రాయబుద్ధి కాదు, ఫొటో ఉన్నది ఉన్నట్టే బాగుంటుంది, అప్పుడు ప్లగిన్ జోలికి పోకుండా ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ చూసుకుని వదిలేయండి. ప్రీసెట్లు వరసగా నొక్కుకుంటూ ఏది బాగుందో చూద్దాం అనే అలవాటు ఉంటే మాత్రం దయచేసి మానుకోండి, అక్కడ ఫొటోకి ఏం కావాలో మీరు కాకుండా ఆ లిస్టు డిసైడ్ చేస్తుంది, పైగా నాలుగైదు ప్రీసెట్లు చూశాక కంటికి అసలు ఫొటో చప్పగా కనపడడం మొదలవుతుంది.

2. స్క్రీన్ సంగతి

బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి ఎడిట్ చేస్తే ఫొటో చీకటిగా తయారవుతుంది, తగ్గించి చేస్తే తేలిపోతుంది. క్యాలిబ్రేషన్ పరికరం (స్క్రీన్ రంగులు, వెలుగు కొలిచి సరిచేసేది) ఉంటే 6500 కెల్విన్, గామా 2.2, బ్రైట్‌నెస్ చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాల మధ్య పెట్టుకోండి. లేకపోతే కనీసం రాత్రిపూట స్క్రీన్‌ని పసుపు చేసే నైట్ మోడ్ ఆపేసి, గదిలో మామూలు లైటు వేసుకుని కూర్చోండి. ఇంతే.

3. నాయిస్ పని ముందు, మిగతావన్నీ తర్వాత

వరస చాలా ముఖ్యం. కాంట్రాస్ట్ పెంచినా షార్ప్ చేసినా నాయిస్ కూడా దాంతోపాటే పెరుగుతుంది, ఆ తర్వాత దాన్ని తీసేయాలంటే డీటెయిల్ కూడా పోతుంది. అందుకని రా ఫైల్ (కెమెరా తన మార్పులు చేయకుండా దాచే ఒరిజినల్) మీదే నాయిస్ తీసేయండి, డీఎక్స్ఓ ప్యూర్‌రా లాంటివి ఉన్నాయి, లైట్‌రూమ్‌లోనే 2023 నుంచి ఏఐ డీనాయిస్ వచ్చింది, వేరే ప్లగిన్ కొనాల్సిన పని చాలామందికి లేదు. అది ఎంత చెప్తే అంత పెట్టకండి, కొంచెం గింజ కనపడితే ఏం కాదు, పక్షి ఈకలు ప్లాస్టిక్‌లా నున్నగా అయిపోతేనే అసహ్యంగా ఉంటుంది. 100 శాతం జూమ్‌లో ఈకలు ఒకదానికొకటి విడివిడిగా ఉన్నాయో లేదో చూస్తూ స్లైడర్ తగ్గించుకుంటూ రండి.

తర్వాత రా కన్వర్టర్‌లో చేయాల్సిన మామూలు పనులు, అంటే వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, హైలైట్స్, లెన్స్ కరెక్షన్ ఇవన్నీ అక్కడే పూర్తి చేసి, అప్పుడు 16 బిట్ టిఫ్‌గా ప్లగిన్‌కి పంపండి. జేపెగ్ పంపితే ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, సాయంత్రం ఆకాశంలో నారింజ నుంచి నీలంలోకి మెల్లగా మారే చోట కాంట్రాస్ట్ ప్లగిన్ వేయగానే పట్టీలు పట్టీలుగా విడిపోతుంది, తర్వాత అవి ఎలా దాచినా దాగవు.

4. ప్లగిన్‌ని ఎప్పుడూ వేరే లేయర్ మీదే వేయండి

ఫొటోషాప్‌లో లేయర్‌ని (ఫొటో మీద పరిచే పొరని) స్మార్ట్ ఆబ్జెక్ట్ (లోపలి అసలు ఫొటో చెడకుండా దాచే రకం లేయర్) చేసి ప్లగిన్ వేస్తే అది స్మార్ట్ ఫిల్టర్‌గా ఉంటుంది, రేపు మనసు మారితే డబుల్ క్లిక్ చేసి సెట్టింగ్ మార్చుకోవచ్చు. ఒక చిక్కు ఉంది, ఒకే స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద రెండు మూడు ఫిల్టర్లు వేస్తే వాటన్నిటికీ కలిపి మాస్క్ (ఎఫెక్ట్ ఎక్కడ కనపడాలో, ఎక్కడ దాగాలో చెప్పే తెర) ఒకటే వస్తుంది, ఆకాశానికి ఒకటి నేలకి ఒకటి వేరేగా కావాలంటే అలా కుదరదు, అప్పుడు దేనికది వేరే లేయర్ చేసుకోవాలి. ఫైల్ సైజు పెరుగుతుంది, పెరగనీయండి.

లేయర్‌కి పేరు పెట్టుకోండి, "ముందు రాయి వెలుగు" అని. మొదటి స్టెప్‌లో రాసుకున్న లైన్‌తో ఆ పేరు కలవకపోతే ఆ లేయర్ ఎందుకు వేశారో ఇంకోసారి ఆలోచించండి.

5. కాంట్రాస్ట్, స్ట్రక్చర్, డీటెయిల్ ప్లగిన్లు

ఫొటోలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. నిక్ వాళ్ళ కలర్ ఎఫెక్స్‌లో టోనల్ కాంట్రాస్ట్, డీటెయిల్ ఎక్స్‌ట్రాక్టర్, లైట్‌రూమ్‌లో క్లారిటీ, డీహేజ్, వేరే చోట్ల స్ట్రక్చర్ అని రకరకాల పేర్లు ఉంటాయి గానీ లోపల జరిగేది చాలావరకు ఒకటే, ప్రతి పిక్సెల్‌ని దాని చుట్టుపక్కల వాటితో పోల్చి తేడా పెంచడం. రాయి మీద, బెరడు మీద, ఎండిన ఆకు మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. కానీ నల్లటి కొండ అంచు తెల్లటి ఆకాశాన్ని తాకే చోట ఆ తేడా పెంచితే ఆకాశం వైపు అంచు ఇంకా తెల్లబడి కొండ చుట్టూ ఒక తెల్లటి గీత వస్తుంది, అదే హాలో. ఒకసారి హాలో కనిపెట్టడం వచ్చాక ఇక ఏ ఫొటో చూసినా ముందు అదే కనపడుతుంది, మీ ఫొటో చూసేవాళ్ళలో అది కనిపెట్టగలిగినవాళ్ళు తప్పకుండా ఉంటారు.

రెండో సంగతి దూరం. గాలిలో ఉండే తేమ, దుమ్ము, గాలి అణువులే చెదరగొట్టే నీలి వెలుగు వల్ల దూరంగా ఉన్న కొండలు లేతగా, నీలంగా, కాంట్రాస్ట్ తక్కువగా కనపడతాయి, ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోయే ఆ కొండల వరసల వల్లే ఫ్లాట్‌గా ఉండే ఫొటోలో మనకి లోతు తెలుస్తుంది. ఫ్రేమ్ అంతటికీ స్ట్రక్చర్ వేస్తే పది కిలోమీటర్ల అవతల ఉన్న కొండ మీద చెట్లు కూడా కాళ్ళ దగ్గరున్న గడ్డి అంత స్పష్టంగా వచ్చేస్తాయి, లోతు మొత్తం పోద్ది. కాబట్టి స్ట్రక్చర్ ముందు భాగంలో ఎక్కువ, మధ్యలో కొంచెం, చివరి కొండలకి సున్నా. మంచు ఉన్న ఫొటో అయితే డీహేజ్ స్లైడర్‌ని కుడివైపు తోయడం కంటే కొంచెం ఎడమవైపు, అంటే మైనస్‌లోకి, దూరపు భాగంలో మాత్రమే లాగి చూడండి, చాలా ఫొటోలకి అదే నప్పుతుంది.

నీళ్ళ విషయం కూడా ఇలాంటిదే. షట్టర్ నెమ్మదిగా పెట్టి పాలలా తీసిన జలపాతం మీద స్ట్రక్చర్ పడితే ఆ తెలుపులో బూడిద రంగు మరకలు లేస్తాయి, మీరు ట్రైపాడ్ మోసుకెళ్ళి తెచ్చుకున్న నున్నదనం అంతా పోతుంది. నీళ్ళని, మబ్బులని, అవుట్ ఆఫ్ ఫోకస్ బ్యాక్‌గ్రౌండ్‌ని మాస్క్ చేసేయండి, ఈ మూడింటికీ డీటెయిల్ ప్లగిన్ అవసరం అనేది దాదాపు రాదు.

పని ఇలా చేయండి. లేయర్ మీద టోనల్ కాంట్రాస్ట్ లాంటిది మామూలు కంటే కొంచెం ఎక్కువగానే వేసి ఓకే కొట్టండి. బ్లెండ్ మోడ్‌ని (ఆ లేయర్ కిందిదానితో కలిసే తీరు) నార్మల్ నుంచి లూమినాసిటీకి మార్చండి, ఎందుకంటే కాంట్రాస్ట్ పెరిగితే రంగులు కూడా వాటంతట అవే చిక్కబడతాయి, లూమినాసిటీలో పెడితే వెలుగు నీడలు మాత్రమే మారి రంగు మీరు పెట్టినట్టే ఉంటుంది, ఈ ఒక్క మార్పుతో ఓవర్ ఎడిటింగ్ సగం తగ్గిపోవడం మీరే చూస్తారు. తర్వాత నల్ల మాస్క్ వేసి ఎఫెక్ట్ మొత్తం దాచేసి, మెత్తటి బ్రష్ తీసుకుని, ఫ్లో 10 నుంచి 20 శాతం మధ్య పెట్టి, తెల్ల రంగుతో వెలుగు పడుతున్న చోట్ల మాత్రమే మెల్లమెల్లగా రాయండి. వెలుగు ఎడమ నుంచి వస్తుంటే రాయికి ఎడమ పక్క రాయాలి, కుడి పక్క నీడని నీడలాగే ఉండనివ్వాలి. నిక్‌లో అయితే కంట్రోల్ పాయింట్లు ఉంటాయి, ప్లస్ పాయింట్ పెట్టిన చోట ఎఫెక్ట్ పడుతుంది, మైనస్ పాయింట్ పెట్టిన చోట ఆగుతుంది, రంగు, వెలుగు దగ్గరగా ఉన్నవాటినే అది పట్టుకుంటుంది కాబట్టి ఆకుల మధ్యలో కూర్చున్న పక్షి లాంటి వాటికి బ్రష్ కంటే సుఖం.

హాలో అప్పటికే వచ్చేసి ఉంటే, ఆ అంచు దగ్గర మాస్క్‌ని నల్ల బ్రష్‌తో తుడిచేయండి, అప్పటికీ పోకపోతే క్లోన్ స్టాంప్‌ని డార్కెన్ మోడ్‌లో పెట్టి పక్కనున్న ఆకాశాన్ని తీసుకుని ఆ గీత మీద నడపండి, గీత కంటే చీకటిగా ఉన్న ఆకాశం మాత్రమే అతుక్కుంటుంది, కొండ జోలికి పోదు.

6. రంగులు

పచ్చదనంతోనే తంటా. చెట్లు, గడ్డి మనకి పచ్చగా కనపడతాయి గానీ సాఫ్ట్‌వేర్ లెక్కలో వాటిలో చాలా భాగం పసుపు కిందకి వస్తుంది, గ్రీన్ స్లైడర్ ఎంత తిప్పినా అనుకున్నట్టు రాదు, దాంతో సాచురేషన్ (రంగు గాఢత) మొత్తానికే పెంచేస్తారు, అడవి రేడియం స్టిక్కర్ రంగులోకి పోతుంది. దానికి బదులు పసుపు సాచురేషన్ కొంచెం తగ్గించి, పసుపు హ్యూని (ఛాయని) కొద్దిగా పచ్చ వైపు జరిపి, పచ్చ లూమినెన్స్ (ఆ రంగు వెలుగు) కొంచెం దించండి, అడవి చిక్కగా నిండుగా కనపడుతుంది, రంగు మాత్రం అరవదు. ఫోలియేజ్ లాంటి ఫిల్టర్లు ఉన్నాయి, వాడొచ్చు, కానీ లేయర్‌ని కలర్ మోడ్‌లో పెట్టి ఓపాసిటీ (లేయర్ ఎంత గట్టిగా కనపడాలనేది) సగానికి పైగా దించి వాడండి.

సూర్యాస్తమయాలు, ఎర్ర పూలు వచ్చినప్పుడు మొత్తం హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా పిక్సెల్స్ ఎన్నున్నాయో చూపే గ్రాఫ్) చూసి సరే అనుకోవద్దు, రెడ్ ఛానెల్ ఒక్కదాన్ని చూడండి. మిగతా రెండూ బాగానే ఉండి ఎరుపు ఒక్కటే కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది, పువ్వు రేకు మీద ఉండే సన్నటి ఈనెలు అన్నీ పోయి ఒకటే ఎర్ర ముద్ద మిగులుతుంది. అప్పుడు వార్మ్‌త్ ఫిల్టర్ వేయడం అటుంచి ఎరుపు సాచురేషన్ తగ్గించాలి, తగ్గిస్తే రేకులు తిరిగి విచ్చుకున్నట్టు కనపడతాయి. లైట్‌రూమ్‌లో సాఫ్ట్ ప్రూఫింగ్ ఆన్ చేసి ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పరిధి) పెట్టి చూస్తే వెబ్‌లో ఏ రంగులు పట్టవో ముందే తెలుస్తుంది.

నీడల్లో ఉండే నీలాన్ని మొత్తం తీసేయకండి. నీడలో నేల మీద పేరుకున్న మంచు (స్నో) మీద, తెల్లటి రాళ్ళ మీద పడేది ఆకాశం వెలుగే కాబట్టి అక్కడ నీలం ఉండడం నిజం, కలర్ కాస్ట్ తీసే ప్లగిన్లు దాన్ని తప్పు అనుకుని కడిగేస్తాయి, చలి కాస్తా పోద్ది.

7. గ్లో

ఓర్టన్ ఎఫెక్ట్ అని వింటుంటారు, 1980లలో మైకేల్ ఓర్టన్ అనే ఫొటోగ్రాఫర్ ఒకే దృశ్యాన్ని ఫోకస్‌లో ఒకటి, ఫోకస్ తప్పించి ఒకటి ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో స్లైడ్ ఫిల్మ్ మీద తీసి రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టేవాడు, ఇప్పుడు గ్లామర్ గ్లో లాంటి ఫిల్టర్లు ఇచ్చే మెత్తదనం కూడా ఆ తరహాదే. సూర్యుడు ఫ్రేమ్‌లోనే ఉన్నా, చెట్ల వెనక నుంచి వెలుగు వస్తున్నా ఇది చాలా అందంగా ఉంటుంది, నాకు చాలా ఇష్టం కూడా. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినదానికి వేస్తే మాత్రం లెన్స్ మీద ఆవిరి పట్టినట్టు ఉంటుంది. ఓపాసిటీ 10, 15 శాతం దగ్గర ఆపండి, వెలుగు వచ్చే వైపే మాస్క్‌లో తెరవండి, ముందున్న రాళ్ళు, పూలు షార్ప్‌గానే ఉండాలి.

8. ఏఐ షార్పెనింగ్, పక్షులు, జంతువులు

కొంచెం కదిలిన ఫొటోని కూడా ఇవి నిలబెడతాయి, మెచ్చుకోవాల్సిందే. కానీ లేని డీటెయిల్‌ని ఊహించి గీస్తాయి అనేది గుర్తుంచుకోండి. ఏ ఈక మీద ఏ గీత ఉంది అనేదాన్ని బట్టి జాతిని గుర్తుపట్టే పక్షులు ఉన్నాయి, అక్కడ సాఫ్ట్‌వేర్ కల్పించిన గీత వస్తే ఆ ఫొటో అబద్ధం చెప్తున్నట్టే. 200 శాతం జూమ్‌లో కన్ను, ముక్కు మొదలు, ఛాతీ ఈకలు చూడండి, పురుగులు పాకినట్టు మెలికలు కనపడితే, కంటిపాప అంచు బొమ్మలో గీసినట్టు ఉంటే, స్ట్రెంగ్త్ తగ్గించండి, అయినా పోకపోతే ఆ ఫొటోని చిన్న సైజులో వాడుకోండి. సబ్జెక్ట్ మాస్క్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌ని వదిలేయండి, మెత్తటి బోకే (ఫోకస్ తప్పి మసకబారిన బ్యాక్‌గ్రౌండ్) మీద షార్పెనింగ్ పడితే అతుకులు అతుకులుగా కనపడుతుంది.

కన్ను కొంచెం వెలిగించడం పర్వాలేదు, ఉన్న మెరుపుని అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) లోపు పెంచొచ్చు. లేని మెరుపుచుక్కని పెట్టకండి.

ఇక ఆకాశం మార్చడం. 2019లో లూమినార్‌లో, 2020లో ఫొటోషాప్‌లో ఒక్క క్లిక్‌తో ఆకాశం మార్చే ఫీచర్ వచ్చింది. కొత్త ఆకాశంలో సూర్యుడు కుడివైపు ఉంటే నేల మీద నీడలు కూడా కుడికే పడుతుంటాయి, చెరువులో పాత ఆకాశమే కనపడుతుంటుంది, నేల మీద వెలుగు మధ్యాహ్నపు తెలుపులో ఉంటే పైన సాయంత్రపు ఎరుపు ఉంటుంది. ఇవన్నీ సరిచేసినా సరే, నేచర్ ఫొటో అని చూపించేటప్పుడు ఆ పని చేయొద్దనే నా మాట, చేస్తే క్యాప్షన్‌లో ఆకాశం మార్చాను అని రాయండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ లాంటి పోటీల్లో చివరి దశకి వెళ్ళినవాళ్ళని రా ఫైల్ అడుగుతారు, ఫ్రేమ్‌లో లేనిది కలపడం, ఉన్నది తీసేయడం ఒప్పుకోరు, రంగు, వెలుగు సర్దడం వరకే. పోటీకి పంపకపోయినా పెట్టుకోవడానికి అది మంచి గీత.

9. వెనక్కి తగ్గడం

అన్ని లేయర్లూ అయ్యాక వాటిని ఒక గ్రూపులో వేసి గ్రూప్ ఓపాసిటీ సున్నాకి దించండి. స్క్రీన్ నుంచి కాసేపు కళ్ళు తిప్పి కిటికీ బయటికి చూసి రండి, ఎక్కువసేపు గాఢమైన రంగులు చూస్తే కన్ను వాటికి అలవాటుపడి మామూలువి చప్పగా అనిపిస్తాయి, ఇది అందరికీ జరిగేదే. వచ్చాక ఓపాసిటీ మెల్లగా పెంచుతూ పోండి, మార్పు మొదటిసారి కనపడిన చోటు, ఇంక ఇది ప్లగిన్ పని అని తెలిసిపోయే చోటు, ఈ రెండూ గుర్తుపెట్టుకుని మొదటిదానికి దగ్గరగా ఆగండి. చాలాసార్లు ఇది 40, 60 శాతం మధ్యలో వస్తుంది, కానీ ఆ అంకెని రూలుగా పట్టుకోవద్దు.

ఆల్ట్ కీ పట్టుకుని బ్యాక్‌గ్రౌండ్ లేయర్ కన్ను మీద క్లిక్ చేస్తే ముందు వెనక తేడా చూసుకోవచ్చు, లైట్‌రూమ్‌లో అయితే బ్యాక్‌స్లాష్ కీ. ఫొటోని అద్దంలో చూసినట్టు కుడి ఎడమ తిప్పేసి ఒకసారి, బొటనవేలు గోరంత చిన్నగా చేసి ఒకసారి చూడండి, చిన్నగా చేసినప్పుడు మీ చూపు ముందు ఎక్కడికి పోతుందో అది మొదటి స్టెప్‌లో రాసుకున్న చోటేనా అని సరిచూసుకోండి. కాకపోతే చూపుని లాక్కుంటున్న లేయర్ ఏదో వెతికి దాన్నే తగ్గించండి, ఇంకో ప్లగిన్ వేసి సర్దబోవద్దు. వీలైతే ఆ రోజుకి అలా వదిలేసి మర్నాడు పొద్దున చూడండి, రాత్రి కనపడని పసుపు, ఎక్కువైన గ్లో మర్నాడు వెంటనే కనపడతాయి.

10. సేవ్, ఎక్స్‌పోర్ట్

లేయర్లు ఉన్న టిఫ్‌ని ఫ్లాటెన్ చేయకుండా దాచుకోండి. వెబ్‌కి ఎస్‌ఆర్‌జీబీలో, పొడవు వైపు 2048 పిక్సెల్స్ పెట్టి, సైజు తగ్గించిన తర్వాతే చివరి షార్పెనింగ్ కొంచెం ఇచ్చి జేపెగ్ చేయండి, పెద్ద సైజులో షార్ప్ చేసి తర్వాత తగ్గిస్తే సన్నటి కొమ్మల అంచులు గరుగ్గా వస్తాయి. ప్రింట్‌కి వేరే కాపీ చేసుకోండి, కాగితం స్క్రీన్‌లా వెలగదు కాబట్టి నీడలు కొద్దిగా పైకి ఎత్తాలి, షార్పెనింగ్ కూడా స్క్రీన్ మీద కొంచెం ఎక్కువైందేమో అనిపించేంత ఇవ్వాలి, ముందు చిన్న ముక్క ఒకటి టెస్ట్ ప్రింట్ తీసి, దాన్ని పగటి వెలుతురులో చూసి, అప్పుడు పెద్దది వేయించండి.